బ్రహ్మచారి ఫోనులో మెసేజీలు

పోయిన వారం భాగంలో పరమేశ్‌ను సూరత్ స్టేషన్ బయట ఆటోలో వదిలిపెట్టాం. పక్కన స్వరాజ్యం కూర్చుంది. ఆమె ఒళ్లో ఒక నల్ల ప్లాస్టిక్ కవరు. ఆ కవరులో ఏముందో పరమేశ్‌కు తెలుసు. పదిహేడేళ్ల కింద అతని తండ్రి ఊళ్లో తమకున్న ఎకరం ఇరవై గుంటలను వడ్రంగం చేసే బ్రహ్మచారి అనే ఆయనకు అమ్మి, రాసిచ్చిన తెల్లకాగితం. రిజిస్ట్రేషన్ లేదు, స్టాంపు లేదు, మాట మీద అమ్మకం. డబ్బు మొత్తం ముట్టింది. ఆ రోజు నుంచీ బ్రహ్మచారే ఆ భూమి దున్నుకున్నాడు. సర్కారు కొత్త పాస్‌బుక్కులు ఇచ్చినప్పుడు మాత్రం పేరు మార్పించే తీరిక ఎవరికీ లేకపోయింది. తండ్రి తర్వాత కొడుకని పరమేశ్ పేరే ఎక్కింది. ఆ పేరు మీదే ప్రతి పంటకూ రైతుబంధు డబ్బు పడుతూ వచ్చింది. దున్నేది ఊళ్లో బ్రహ్మచారి, పెట్టుబడి సాయం అందుకునేది సూరత్‌లో మగ్గాలు నడిపే పరమేశ్.

ఆ బ్రహ్మచారి మొన్న ఆషాఢంలో పోయాడు. పొలం దగ్గర మోటారు పెట్టబోతే కరెంటు కొట్టింది. ఇప్పుడు తెల్లకాగితాల భూములను కొన్నవాళ్ల పేరు మీదికి ఎక్కిస్తున్నారు. అందుకు అమ్మినవాళ్ల సంతకం కావాలట. ఆ సంతకం కోసం బ్రహ్మచారి భార్య స్వరాజ్యం మంచిర్యాలలో రైలెక్కి వచ్చింది. ఆటోలో పరమేశ్ నోరు విప్పలేదు. ట్రాఫిక్‌లో వినపడదన్నది నెపం. రైతుబంధు మాట ఎత్తకుండా ఈమెను ఎట్లా సాగనంపాలా అన్నదొక్కటే అతని బుర్రలో తిరుగుతోంది.

పరమేశ్ ఉండే గోడాదరాలో ఆటో దిగేసరికి గల్లీ అంతా సద్దుమణిగి ఉంది. దివాలీ వెకేషన్ ఇంకా అయిపోలేదు, మగ్గాలు బందు. ఏడాదిలో ఈ మూడు వారాలే అక్కడి జనం మామూలు గొంతుతో మాట్లాడుకునేది. మిగతా రోజులన్నీ అరుచుకోవడమే. ఇరవై నాలుగు గంటల మోతను తిట్టుకుంటూ బతికిన పరమేశ్‌కు ఆ పొద్దున మాత్రం ఒక్క కార్ఖానా అయినా నడుస్తుంటే బాగుండుననిపించింది. సగం మాటలు ఆ మోతలో కొట్టుకుపోయేవి.

పరమేశ్ భార్య ప్రమీల గుమ్మంలోనే ఎదురొచ్చి స్వరాజ్యాన్ని కావలించుకుని ఏడ్చింది. ఏడవడం అయిపోయాక కాళ్లకు నీళ్లిచ్చింది, టీ పెట్టింది, కింద దుకాణం నుంచి ఖమణ్ తెప్పించింది. శనగపిండి వంటకంలో చక్కెర ఎందుకు వేశారో అర్థంకాక స్వరాజ్యం రెండు ముక్కలు తిని ప్లేటు పక్కన పెట్టింది. సూరత్‌లో అన్నీ తియ్యగనే ఉంటయి వదినె, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తినాలె అని ప్రమీల నవ్వించబోయింది. ప్రమీల మంచిది. అదే ఇక్కడ వచ్చిన చిక్కు. మంచిది కాబట్టే మొగుడు చెప్పినదంతా నమ్మింది.

ఆమెకు మొగుడు చెప్పింది ఇదీ. ఊళ్లో మనకు ఎకరంన్నర భూమి ఉంది, ఊరి వరసన బావయ్యే బ్రహ్మచారి కౌలుకు చేస్తున్నాడు. నిజానికి ఈ అబద్ధాన్ని మొదలుపెట్టింది పరమేశ్ కాదు, అతని తండ్రి. సంబంధం మాట్లాడుకున్నప్పుడు భూమి ఉందా అని అవతలివాళ్లు అడిగితే ఉందన్నాడు. అప్పటికి అమ్మి రెండేళ్లయింది. పెళ్లయిన వారంలోపు భార్యకు చెప్పేద్దామని పరమేశ్ అనుకున్నాడు. తర్వాత కాపురం కుదుటపడ్డాక చెబుదామనుకున్నాడు. ఆ తర్వాత కూతురు పుట్టాక. అలా అనుకుంటూ అనుకుంటూ పదిహేనేళ్లు లాగించాడు.

దసరాకు ప్రతి ఏడూ ఊరి నుంచి ట్రావెల్స్ బస్సులో ఒక బియ్యం బస్తా వచ్చేది. బస్తా మీద నీలి రంగుతో పరమేశ్ పేరు, ఫోన్ నంబరు బ్రహ్మచారి చేతిరాతలోనే ఉండేవి. అది కౌలు కింద వచ్చే బస్తా అని ప్రమీల లెక్క. ఎకరంన్నరకు ఒక్క బస్తానా, మీ బావ బతుకనేర్చినోడే అని ఎగతాళి చేసేది. బావ ప్రేమతో పంపుతున్నాడని పరమేశ్ లెక్క. ఆ బియ్యం వండిన రోజు రెండోసారి వడ్డించుకోబుద్ధి కాకపోయినా, మనిషి ప్రేమను కాదనలేం కదా అని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు.

టీ గ్లాసులు తీస్తూ ప్రమీల మనసులో ఉన్న మంచి మాట బయటపెట్టింది.

"వదినె, దసరకు బియ్యం పంపలేదని రంది పెట్టుకోకు. అన్న పాయె, నీ పానం నీకు బరువైంది. కౌలు మేం అడగం. రెండేండ్లు నువ్వే చేస్కొని తిను."

స్వరాజ్యం ఆమెకేసి చూసింది. తర్వాత పరమేశ్‌కేసి చూసింది. పరమేశ్‌కు అప్పుడే బిందెలో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూడాల్సిన అవసరం వచ్చింది. మూత తీసి చూశాడు. బిందె నిండా ఉంది. మూత పెట్టేశాడు. ఇక చేయడానికి ఆ గదిలో అతనికి ఏ పనీ మిగల్లేదు.

స్వరాజ్యం మాట తక్కువ మనిషి. మొగుడి పక్కన రంపం రెండో కొస పట్టి లాగిన చేతులు ఆమెవి. గొడవ పెట్టుకోవడానికి వచ్చినట్టు లేదు. కవరు ముడి విప్పి, లోపల ఇంకో కవరు విప్పి, మడతలు చిరిగి టేపు అతికించిన కాగితాన్ని ప్రమీల చేతిలో పెట్టింది.

"కౌలు కాదు ప్రమీల. ఆ భూమి మేం కొన్నదే. నీకు ఎరుక లేదని నాకు ఎరుక లేదు."

ప్రమీలకు తెలుగు చదవడం బాగా వచ్చు. ఆమె కాగితం మొత్తం చదివింది. అంతా అయ్యాక మళ్లీ పైకి వెళ్లి తారీకు చూసింది. కింద మామ వేలిముద్ర, దాని పక్కన సాక్షి సంతకం. ఆ సంతకం ఆమె కూతురి స్కూలు కాగితాల మీద, గ్యాసు పుస్తకం మీద చాలాసార్లు చూసిందే. పరమేశ్ చివరి అక్షరం కింద గీత గీసి రెండు చుక్కలు పెడతాడు. అప్పుడూ పెట్టాడు.

"మన పెండ్లికి రెండేండ్ల ముందట," అంది.

"బాపు చెప్పొద్దన్నడు."

"బాపు పోయి ఎనిమిదేండ్లు."

ఆ ఎనిమిదేళ్లలో ఏ ఒక్క రోజు నోరు తెరిచినా సరిపోయేది. ప్రమీల అరవలేదు, కాగితం విసిరికొట్టలేదు. గోడవారగా ఉన్న కుట్టు మిషన్ వైపు చూసింది. చీరలకు లేసు పట్టీలు కుట్టే మిషన్ అది. మూడేళ్ల కింద కొన్నప్పుడు గల్లీలో ఆడవాళ్లందరికీ, మా ఊరి భూమి పైసలతోటి కొన్న అని గొప్పగా చెప్పుకుంది. ఇంటి కిరాయి ఆమె మొగుడి కూలితో, కూతురి ట్యూషన్ ఆమె లేసు పనితో, మిషన్ మాత్రం భూమితో. ఆమెకు ఆ భూమి అంత గట్టి వస్తువు. ఊళ్లో తనకంటూ ఒక నేల ఉందని చెప్పుకునే ధైర్యం.

ఆ మిషన్ మీద నుంచి చూపు తిప్పకుండానే అడిగింది. "మరి రైతుబంధు పైసలు ఎవరియి?"

ఏడేళ్లుగా పరమేశ్ ఏ మాటకు భయపడ్డాడో ఆ మాట చివరికి పెళ్లాం నోటి నుంచి వచ్చింది. అదీ స్వరాజ్యం ముందర. మొత్తం చెప్పేద్దామనిపించింది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో మాత్రం అర్థం కాలేదు.

మొదలు నిజానికి చెడ్డది కాదు. మొట్టమొదటిసారి పాస్‌బుక్కు, చెక్కు ఊళ్లో పంచినప్పుడు పరమేశ్ రెండు రోజుల సెలవు పెట్టి వెళ్లాడు. చెక్కు మార్చి, వచ్చిన డబ్బంతా బ్రహ్మచారి చేతిలో పెట్టాడు. బావా ఇది నీది అన్నాడు. వచ్చే పంటకల్లా పేరు కూడా మార్చుకుందామన్నాడు. ఇద్దరూ కలిసి సెంటర్లో మిరపకాయ బజ్జీలు తిన్నారు. ఆ రోజు పరమేశ్ మంచివాడే. తర్వాతి విడత డబ్బు నేరుగా బ్యాంకులో పడింది. అదే నెలలో ప్రమీలకు కడుపులో గడ్డ అని ఆపరేషన్ అయింది. ఈ ఒక్కసారికి వాడుకుందాం, మళ్లీ ఇచ్చేద్దాం అనుకున్నాడు. వాడుకున్నాక బ్రహ్మచారి ఫోన్ చేసి, పైసలు పడ్డయా తమ్మీ అని అడిగాడు. వలస పోయినోళ్లయి ఆపిండ్రట బావా, నాకు రాలే అన్నాడు పరమేశ్. అట్లనా, సరే తమ్మీ అని బ్రహ్మచారి ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే పరమేశ్ ఏదో ఒక విడతలో తెగించి ఒప్పుకునేవాడేమో. అడగలేదు కాబట్టి పంట పంటకూ తీసుకుంటూ పోయాడు. కొన్నాళ్లకు ఆ డబ్బు పడకపోతే ఆలస్యం చేస్తున్నారని సర్కారును తిట్టేదాకా వచ్చాడు.

పరమేశ్ కింద కూర్చున్నాడు. స్వరాజ్యం కాళ్లకు దగ్గరగా, చేతులు ఒళ్లో పెట్టుకుని.

"అక్కా, ఆ పైసలు నాకే పడ్డయి. రాలేదని బావకు అబద్ధం చెప్పిన."

"ఎరుకే తమ్మీ," అంది స్వరాజ్యం.

పరమేశ్ తలెత్తాడు. ఆమె కవరులోంచి బ్రహ్మచారి ఫోను తీసింది. బటన్ల ఫోను. తెర ఒక మూల పగిలి ఉంది. బటన్లు నొక్కి, చాలాసేపు కిందికి జరిపి అతని చేతికిచ్చింది. బ్యాంకు నుంచి వచ్చిన మెసేజీలు. ఒకదాని కింద ఒకటి. ఫలానా తారీకున పరమేశ్ ఖాతాలో రైతుబంధు జమ. దాని కింద, రెండు రోజుల తర్వాత సూరత్ ఏటీఎంలో తీసిన కబురు. మళ్లీ పంటకు జమ, మళ్లీ సూరత్‌లో తీత.

ఖాతా తెరిచిన రోజు గుర్తొచ్చింది పరమేశ్‌కు. చెక్కు తెచ్చుకున్న రోజే బ్యాంకులో క్యూ కట్టి ఖాతా తెరిచారు. కౌంటర్లో మనిషి ఫోన్ నంబరు అడిగాడు. పరమేశ్ దగ్గర ఉన్నది గుజరాత్ సిమ్ము, ఊళ్లో సిగ్నల్ లేక చచ్చిపడి ఉంది. నా నంబర్ రాయి సారూ, నేను ఊళ్లెనే ఉంట, ఏదన్న ఉంటే తమ్మికి చెప్త అని వెనకనుంచి బ్రహ్మచారి చెప్పాడు. సారు అదే రాశాడు. పొట్ట చేతపట్టుకుని దూరం పోయినవాళ్లంతా ఊళ్లో ఉన్న ఎవరో ఒకరి నంబరే రాయిస్తారు. రేషన్ కార్డుకు ఒకరిది, గ్యాసుకు ఒకరిది. పరమేశ్ ఆ సంగతే మరిచిపోయాడు. తన ఫోనుకు మెసేజీ రాకపోతే, ఇది వేరే రాష్ట్రం సిమ్ము కదా, రాదులే అనుకున్నాడు. ఏటీఎంకు వెళ్లి చూసుకునేవాడు.

అంటే ఆ రోజు ఫోన్లో పైసలు పడ్డయా అని అడిగేటప్పటికే బ్రహ్మచారికి తెలుసు. మెసేజీ చూసుకునే అడిగాడు. రాలేదని పరమేశ్ చెప్పినప్పుడు, సరే తమ్మీ అని అన్నది ఆ అబద్ధం విన్న మనిషే. ఏడేళ్లపాటు తను తలుపు మూసుకుని చేశాననుకున్నదంతా ఆ మనిషి కళ్ల ముందర చేశాడు.

"బావ ఒక్క మాట అనలేదు," అన్నాడు. "అంత మంచోడు."

స్వరాజ్యం తల అడ్డంగా ఊపింది.

"మంచితనం కాదు తమ్మీ, భయం. పైసల ముచ్చట తీస్తే నీకు కోపమొస్తదని. కోపమొచ్చి, పాస్‌బుక్ నా పేరు మీద ఉన్నది, భూమే నాది అంటవని. నేను ఎన్నిసార్లు అడుగుమన్న. ఊకో, తెల్లకాగితం ఎవ్వడు చూస్తడు, వాని మనసు విరగొద్దు అనెటోడు. దసరకు మాకు బియ్యం ఉన్నా లేకున్నా నీకు బస్తా కట్టెటోడు. రెండేండ్ల కింద వర్షాలు లేకపాయె. షావుకారి కాడ కొనుక్కొచ్చి పంపిండు."

ప్రమీల చేత్తో నోరు మూసుకుంది. ఎకరంన్నరకు ఒక్క బస్తానా అని నవ్వింది ఆమే మరి. పరమేశ్‌కు ఏడుపు రాలేదు. ఏడుపు వస్తే కొంత తేలికపడేవాడు. తను బావ అని నోరారా పిలిచిన మనిషి, కనపడ్డప్పుడల్లా భుజం మీద చెయ్యేసి మాట్లాడిన మనిషి, లోపల తనను చూసి వణికాడు. తనెప్పుడూ ఎవరినీ భయపెట్టిన వాడు కాదు. సేఠ్ గట్టిగా మాట్లాడితే చేతులు కట్టుకుని నిలబడే కూలివాడు. అలాంటివాణ్ని చూసి కూడా ఒక మనిషి ఏడేళ్లు భయపడ్డాడంటే, ఆ భయం పుట్టించినది పాస్‌బుక్కులో ఉన్న తన పేరే. ఆ పేరును ఒక్క రోజు సెలవు పెట్టి మార్పించి ఉండొచ్చు.

ఇంకొకటి ఉంది. అది పరమేశ్ పైకి అనలేకపోతున్నాడు. పాస్‌బుక్కు ఉన్న రైతు చనిపోతే ఇంటివాళ్లకు బీమా వస్తుంది, అయిదు లక్షలు. బ్రహ్మచారి పోయిన వారానికే పక్క వాడలో రాములు గుండెపోటుతో పోయాడు. పెద్దకర్మ అయ్యేలోపు రాములు భార్య ఖాతాలో డబ్బు పడిందని ఊరివాళ్లు ఫోన్లో చెప్పారు. బ్రహ్మచారికి పుస్తకం లేదు. కాగితాల్లో అతను రైతే కాదు. పొలంలో, మోటారు పక్కన చచ్చిపోయినా కాదు.

అతని ముఖం చూసి స్వరాజ్యానికి అర్థమైనట్టుంది. ఊళ్లో అందరూ బీమా వచ్చిందా అని అడిగారని, రాదని చెప్పానని, ఎందుకు రాదో మాత్రం ఎవరికీ చెప్పలేదని అంది. ఎందుకు చెప్పలేదని పరమేశ్ అడగలేదు. జవాబు ఇందాకే విన్నాడు.

"నేను సంతకం పెడత అక్కా," అన్నాడు. "ఇప్పుడే పెడత. తిన్న పైసలు గూడ మెల్లమెల్లగ కడత. పెన్ను ఇయ్యి ప్రమీలా."

ఆ క్షణాన పరమేశ్‌కు నిజంగానే గుండె మీది బండ కాస్త పక్కకు జరిగినట్టనిపించింది. పట్టుబడిపోయిన మనిషికి ఒక సుఖం ఉంటుంది, ఇంక దాచాల్సింది లేదని. కానీ పరమేశ్‌కు ఆ సుఖం దక్కే రాత లేదు. స్వరాజ్యం కవరులోకి చెయ్యి పెట్టి కాగితం తీయబోయి ఆగింది.

"సంతకానికి ముందు ఒక్కటి అడుగుత. నిజం చెప్పు. ఆ ఫోనుల, పోయిన చలికాలంల ఒక మెసేజ్ ఉన్నది. తొంభై వేలు పడ్డట్టు. మా అక్క కొడుకు ప్రణయ్‌తోని గూడ చదివిచ్చిన. మీ బావ అది చూసిన కానుంచి మనాది పెట్టుకున్నడు. బ్యాంకుకు పోయి అడిగిండు. నీ ఖాతా కాదు, చెప్పం పో అన్నరు. భూమిని ఇంకెవ్వలకో అమ్మినట్టున్నడు, బయానా పడ్డది అని రోజూ పొద్దుగాల లేచి పొలం కాడికి ఉరికెటోడు, ఎవ్వలన్న వచ్చి కొలుస్తున్నరేమో అని." ఆమె ఊపిరి తీసుకుంది. "అమ్మినవా తమ్మీ?"

"లేదక్కా. అమ్మలే. నా బిడ్డ మీద ఒట్టు."

అది నిజం. స్వరాజ్యం కళ్లు మూసుకుని గోడకు ఆనుకుంది. ఆయన ఉన్నప్పుడే ఈ ఒక్క మాట అడిగితే పోయేది కదా అని తనలో తను అనుకుంది. చెంగుతో ముఖం తుడుచుకుని, టైపు చేయించుకొచ్చిన కాగితం తీసి పరమేశ్ ముందు పెట్టింది. శుక్రవారం లోపల మండలాఫీసులో ఇవ్వాలని, రాత్రికే రైలెక్కుతానని చెప్పింది.

పరమేశ్ చదివాడు. సదరు భూమిని మా తండ్రిగారు తెల్లకాగితం మీద బ్రహ్మచారికి అమ్మినమాట వాస్తవమనియు, తదుపరి దానిని మేము ఇతరులెవ్వరికిని అమ్మలేదనియు, ఎచ్చటను కుదువ పెట్టలేదనియు ప్రమాణము చేయుచున్నాను.

కుదువ అన్న మాట దగ్గర అతని వేలు ఆగింది.

"అమ్మకపోతే తొంభై వేలు ఎక్కడియి?" అంది ప్రమీల. ఊరి నుంచి వచ్చిన ప్రతి రూపాయీ ఆమె చేతుల మీదుగా ఖర్చయింది. తొంభై వేలు ఆ చేతుల్లోకి రాలేదు.

పరమేశ్ కాగితాన్ని చూస్తూనే చెప్పాడు. పోయిన ఏడాది తండ్రి తద్దినానికని ఊరికి వెళ్లింది ఆ ఒక్క పనికే కాదు. పాస్‌బుక్కు బ్యాంకులో పెట్టి పంట లోను తీసుకున్నాడు. సూరత్ పక్కన కడోదరాలో తోటి పనివాడు రవీంద్ర ఎనిమిది మగ్గాలు కిరాయికి తీసుకుంటూ, నువ్వూ కలువు, ఎన్నాళ్లని కూలికి చేస్తావన్నాడు. కలిశాడు. నాలుగు నెలలకు నూలుకు డబ్బు లేక మగ్గాలు ఆగిపోయాయి, రవీంద్ర ఊరికి వెళ్లిపోయాడు. తండ్రి ఆ భూమిని అమ్మి సిరిసిల్లలో మగ్గాల్లో పెట్టి పోగొట్టాడు. కొడుకు ఆ అమ్మేసిన భూమినే మళ్లీ కుదువపెట్టి మగ్గాల్లో పోగొట్టాడు. లోను ఇంకా అట్లాగే ఉంది, మిత్తి పెరుగుతోంది. పాస్‌బుక్కు బ్యాంకులోనే ఉంది.

కింద గల్లీలో ఎవరో స్కూటరు కడుగుతున్న నీళ్ల చప్పుడు వినిపించింది. స్వరాజ్యం తిడుతుందని పరమేశ్ ఎదురు చూశాడు. తిడితే బాగుండును. ఆమె ముందుకు వంగి, కాగితాన్ని అతని వైపు ఇంకాస్త జరిపింది.

"కుదువనే గద తమ్మీ. అమ్మలేవు గద. సంతకం పెట్టు. నేను ఎవ్వలకు చెప్ప. లోను నువ్వే మెల్లగ కట్టుకో. ఇగ మీద పడే సర్కారు పైసలు గూడ నువ్వే తీస్కో. నేను అడగ."

సరే తమ్మీ అని ఏడేళ్ల కింద ఫోన్లో విన్న గొంతు పరమేశ్‌కు మళ్లీ వినిపించింది. మొగుడు మోసిన భయం ఇప్పుడు ఈమె మోస్తోంది, అదీ తన ఇంట్లో, తన ఎదురుగా కూర్చుని.

"పెట్టకు," అంది ప్రమీల. "అది ప్రమాణం. రేపు బ్యాంకోళ్ల కాగితం బయటపడితే నువ్వు జైలుకు పోతవు. నువ్వు పోతే పోతివి, వదినె భూమి గూడ పోతది. ముందు లోను కట్టాలె, తర్వాత సంతకం. మిషన్ అమ్ముదాం, ఏదో ఒకటి చేద్దాం."

"శుక్రారానికి తొంభై వేలు యాడికెల్లి వస్తయి ప్రమీల?" అంది స్వరాజ్యం. ఆమె గొంతు మొదటిసారి గట్టిగా లేచింది. "తారీకు దాటితే మళ్ల ఎన్నడు తీస్తరో. ఇయ్యాల్టికే పదిహేడేండ్లాయె. నా మనిషి పాయె."

ఆమె పెన్ను తీసి పరమేశ్ చేతిలో పెట్టి, వేళ్లను తనే మూసింది.

"ఇన్నేండ్లు నీ కోసం ఆడినవు తమ్మీ. ఒక్క అబద్ధం నా కోసం ఆడరాదా?"

పరమేశ్ పెన్ను మూత తీశాడు. ప్రమీల అతని మణికట్టు పట్టుకుంది.